అయిపోయింది అంటే

జూన్ 9

ఇవాళ చిన్నసార్ మాట్లాడాడు.

మా ఏఐ సహాయకుడికి ఆ పేరు పెట్టింది పంపులు బాగుచేసే కోటేష్. ఆఫీసుకు షాలేమ్‌రాజు సార్ పెద్దసార్ కాబట్టి, అన్నీ తెలిసి కూడా కుర్చీ అడగని వాడు చిన్నసార్ అట.

ఏఐ సహాయకుణ్ణి తెచ్చుకోవడం గొప్ప కాదు. ఎవరి ఫోన్లో చూసినా ఉంది. కానీ దానికి మా పని తెలియదు. అడవి ఊళ్ళలో సోలార్ పంపులు పెట్టి తాగునీళ్ళు ఇచ్చే పని మాది. ఏ ఊళ్ళో ఏ పంపు ఎప్పుడు చెడిపోయింది, ఎవరు వెళ్ళి చూశారు, ఇదంతా మా టాస్క్ బోర్డులో ఉంటుంది, ఒక్కో పనికి ఒక్కో కార్డు. చెడిపోతే ఎలా బాగుచేయాలో నాతో పనిచేసే స్తుతి రాసిన పేజీల్లో ఉంటుంది. ఈ రెండింటినీ, మా వాయిస్ మెసేజ్‌ల గ్రూపునూ చిన్నసార్‌కు చూపించాలి. ఎండాకాలమంతా దీని వెంటే పడ్డాను. ఒకసారి బోర్డు కనబడితే పేజీలు కనబడవు, పేజీలు కనబడితే తెలుగు రాదు. ఇవాళ అన్నీ కలిశాయి.

మొదటి ప్రశ్న కోటేష్‌ది, దుమ్ముగూడెం అవతలి నుంచి. "చిన్నసార్, ఇన్వర్టర్ల ఎర్రలైటు కొట్టుకుంటాంది. ఏం జెయ్యాలె?"

స్పీకర్ పెట్టి అందరం నిలబడ్డాం. చిన్నసార్ స్తుతి పేజీలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆగి, "ఇదే పంపుకు పోయిన వేసవిలో కూడా ఇలాగే జరిగింది. అప్పుడు ఫ్యూజు మార్చారు. ముందు అది చూడండి" అన్నాడు. అది బోర్డులో పాత కార్డు నుంచి తీసిన మాట!

కాసేపటికి కోటేష్ కేక. "అక్కా, ఫ్యూజే! ఫ్యూజే అక్కా!"

సార్ చప్పట్లు కొట్టారు. స్తుతి టీ తాగడానికి బయటికి వెళ్ళింది.

ఇల్లందు పక్క తండా నుంచి వచ్చిన బానోతు సంగీత ఈ పని చేసింది. గర్వంతో రాయడం లేదు. తారీఖు గుర్తుండాలని రాస్తున్నాను.

జూన్ 10

స్తుతి ఇవాళ నాతో అన్నం తినలేదు. తలనొప్పి అయి ఉంటుంది.

జూన్ 12

ఇవాళ కూడా తలనొప్పే.

జూన్ 17

తలనొప్పి కాదట. నేనే వెళ్ళి అడిగాను.

"నీకు నిజంగ తెల్వదా?" అంది.

"ఏంది తెల్వది?"

"పేజీలన్ని నేను రాసిన. కోటేష్ బండి ఎనక కూసోని ఊరూరు తిరిగి రాసిన. ఇప్పుడెవరన్న నన్ను అడుగుతున్నరా? నేను రాసింది సదివి అది చెప్తాంది. అందరు దానికి చప్పట్లు, నీకు చప్పట్లు. రాసుడు అయినంక ఇగ నేనెందుకే ఈడ?"

"నువ్వు రాసినవ్ గనకనే అది చెప్తాంది గదనే."

"గా మాట సార్‌తోని అన్నవా?"

అనలేదు. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

ఆమెకు నేనేం ద్రోహం చేశాను? ఈ ఆఫీసులో చేరిన రోజు నుంచి ఇద్దరి డబ్బాలూ ఒకే బల్ల మీద తెరుచుకున్నాం. క్రిస్మస్‌కు వాళ్ళింట్లో, తీజ్ పండుగకు మా తండాలో. ఒక యంత్రం కోసం అదంతా పోగొట్టుకుంటానంటే ఆమె ఇష్టం. నాకేం బాధ లేదు.

అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చాను. ఎండలకు ఆకలి చచ్చిపోతోంది.

జూన్ 25

సార్‌తో వాదన. ఆయనతో గొంతు పెంచి మాట్లాడడం ఇదే మొదటిసారి.

మాకు నిధులిచ్చే ట్రస్టు వాళ్ళు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. ఇప్పటిదాకా చిన్నసార్ చదువుతాడు, చెబుతాడు. అంతే. కార్డులు జరిపేది, పని పూర్తయిందని పచ్చరంగు వేసేది నేనే. ఇప్పుడు ఆ పని కూడా అతనే చేయాలని సార్ కోరిక.

"కుర్రాళ్ళు గ్రూపులో మెసేజ్ పెట్టగానే కార్డు దానంతట అదే పచ్చగా మారిపోవాలమ్మా. వాళ్ళు చూసి నోరెళ్ళబెట్టాలి."

"సదువుడు వేరే సార్, రాసుడు వేరే. తప్పు సదివితే మనం దిద్దుకోవచ్చు. తప్పు రాస్తే ఎవరు చూస్తరు? అది రాయాల్నంటే ఎవరో ఒక మనిషి అవ్ అనాలె. గంతవరకు ఆగాలె."

"ప్రతిదానికీ నువ్వు అవును అంటూ కూర్చుంటే ఇంకది దేనికి?" సార్‌ది పెనుబల్లి. కోపం వచ్చినా మాట మెత్తగానే ఉంటుంది. అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. "నువ్వు కట్టిన దాన్ని చూసి నువ్వే భయపడుతున్నావమ్మా."

భయం కాదు. కట్టినదాన్ని కాబట్టే తెలుసు అని చెప్పాలనుకున్నాను. ఫోను మోగింది, సార్ లేచిపోయారు.

జూన్ 26

సార్ తన లాగిన్‌తో తనే రాసే అనుమతి ఇచ్చేశారు. నన్ను అడగలేదు. మంచిదే, బాధ్యత ఆయనది.

జూలై 4

ట్రస్టు వాళ్ళు వచ్చి వెళ్ళారు. గోడ మీద పెద్ద తెర, దాని మీద మా బోర్డు. కోటేష్ చర్ల వైపు నుంచి "వాల్వు మార్చిన" అనగానే కార్డు పచ్చగా మారింది. వాళ్ళలో ఒకావిడ నిజంగానే నోరెళ్ళబెట్టింది.

ఎవరు చేశారని ఆవిడ అడిగింది. "మా టీం" అన్నారు సార్. తర్వాత నా వైపు చూపించి, "ఈ అమ్మాయి ఆపరేట్ చేస్తుంది" అన్నారు.

ఆపరేట్ చేస్తుంది.

స్తుతి నా వైపు చూసింది. ఎందుకు చూసిందో. నేను సమోసాల ప్లేట్లు సర్దాను.

జూలై 5

ఆ మాట గురించి ఆలోచించడం లేదు.

జూలై 17

పైన వానలు. గోదావరి పెరుగుతోంది. మా అమ్మ బాలి పొద్దున్నే ఫోన్ చేసింది.

"టీవీల చూపిస్తున్నరు. బస్సులు బందయితయంట. ఇల్లందు బస్సెక్కి జల్దీ వచ్చెయ్ బిడ్డా."

"నా పని ఈడనే ఉన్నదమ్మా."

"కంప్యూటర్ల పనే గదా, ఈడికెల్లి చేసుకోరాదు?"

చేసుకోవచ్చు. కానీ వెళ్ళను. ఊళ్ళు మునిగేటప్పుడు వెళ్ళిపోయిందన్న మాట పడను. ఇది గర్వమే అయితే కానీ.

సార్ మీటింగుకని ఖమ్మం వెళ్ళారు. కోటేష్ తాటివాగు గూడెంలో ఉండిపోయాడు. వాగు పొంగి దారి మూసుకుపోయింది.

జూలై 19

రెండో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. కరకట్ట మీద జనం. రేపు ఎగువ ఊళ్ళకు సామాను పడవ వెళుతుంది. ఏ ఊరికి ఏం పంపాలో బోర్డులో తెరిచి ఉన్న కార్డులను బట్టి చిన్నసార్ జాబితా తీశాడు. కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చింది.

బోర్డు దాదాపు అంతా పచ్చగా ఉంది. ఇంత వరదలో ఇన్ని పనులు పూర్తి చేశారు మా వాళ్ళు!

జూలై 20

పడవ వెళ్ళాక రాస్తున్నాను.

పొద్దున ఆఫీసుకు రాగానే మళ్ళీ బోర్డు చూశాను. నిన్న మురిసిపోయిన పచ్చరంగే ఇవాళ నచ్చలేదు. తాటివాగుకు దారి లేదు, మనిషి వెళ్ళలేదు, సామాను వెళ్ళలేదు. మరి 'తాటివాగు, క్లోరిన్' అన్న కార్డు ఎలా పచ్చబడింది?

కార్డు లోపల ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఉంటుంది. తెరిచాను. మార్చింది చిన్నసార్. కారణం, కోటేష్ మెసేజ్. అది పెట్టి విన్నాను. హోరున వాన, దాని వెనక కోటేష్ గొంతు.

"అక్కా, తాటివాగుల క్లోరిన్ అయిపోయింది."

అయిపోయింది. డబ్బాలు ఖాళీ అయ్యాయి, పంపండి అంటున్నాడు వాడు. క్లోరిన్ పని అయిపోయిందని చదివాడు చిన్నసార్. కార్డు మూశాడు. కార్డు మూసుకుంది కాబట్టి పడవ జాబితాలో తాటివాగుకు క్లోరిన్ లేదు. వరద నీళ్ళు బోరులోకి దిగిన ఊరు. పిల్లలు ఆ నీళ్ళే తాగాలి.

చిన్నసార్ వచ్చాక గ్రూపు మెసేజ్‌లు వినడం మానేశాం. నేను కూడా.

కోటేష్ ఫోన్ కలవలేదు. సార్‌కు చేశాను.

"అనుమతి తీసేస్తున్న సార్. తప్పు రాస్తాంది."

"ఇప్పుడు వద్దమ్మా, ట్రస్టు వాళ్ళు హైదరాబాద్ నుంచి మన బోర్డే చూస్తున్నారు. ఒక్క పొరపాటుకు..."

"ఒక్కటని మనకెట్ల తెలుసు సార్?"

లైను తెగింది. వానకు తెగిందో, ఆయనే పెట్టేశారో. నేను మళ్ళీ చేయలేదు. బోర్డులోకి వెళ్ళడానికి చిన్నసార్‌కు ఇచ్చిన కంప్యూటర్ తాళం నా చేతులతోనే రద్దు చేశాను. ఎండాకాలమంతా కష్టపడి కలిపినదాన్ని తెంపడానికి ఒక్క మీట చాలింది.

ఇక మిగిలింది అన్ని రోజుల మెసేజ్‌లూ మళ్ళీ వినడం. పడవ బయలుదేరేలోగా. ఒక్కదానివల్ల కాదు.

మోకాలి లోతు నీళ్ళలో స్తుతి వాళ్ళ వీధికి వెళ్ళాను. సామాను అటక మీదికి ఎక్కిస్తోంది. నన్ను చూసి కిందికి దిగింది. ఏం చెప్పాలో దారంతా అనుకున్నది మర్చిపోయాను. "అయిపోయింది అంటే పని అయిందని రాసిందే అది" అన్నాను.

ఆమెకు అంతే చాలింది. "ఎవరు, కోటేషా? వాడు పని చేస్తే 'చేసిన' అంటడు. 'అయిపోయింది' అంటే సరుకు లేనట్టే" అంటూ గొడుగు కూడా తీసుకోకుండా నా వెంట వచ్చింది.

చెరో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాం. స్తుతి ఒకచోట నా చేయి పట్టుకుంది. పచ్చ కార్డు మీద 'మోటరు పంపడమైనది' అని ఉంది. మెసేజ్‌లో మాట "మోటరు పోయింది". కాలిపోయింది అన్నమాట. ఇంకోచోట 'నీటి సరఫరా పునరుద్ధరించబడింది'. అక్కడ ఒక ముసలాయన గొంతు, "నీళ్ళొచ్చినయ్ బిడ్డా, నీళ్ళొచ్చినయ్" అని అరుస్తోంది.

అది వినగానే ఇద్దరం లేచి నిలబడ్డాం. స్తుతి వెంటనే వరద కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసింది. ఆ గూడెం వాళ్ళను ముందురోజే గుట్ట మీది బడికి తరలించారట. మేం కారణం కాదు, మా అదృష్టం. మిగతా మెసేజ్‌లు కూడా వినేశాం.

తర్వాత గోదాముకు పరుగు. క్లోరిన్ డబ్బాలు ఆటోలో వేసుకుని పడవ దగ్గరికి వెళ్ళేసరికి తాడు విప్పుతున్నారు. జాబితాలో లేదు, ఎక్కించం అన్నాడు పడవ మీది ఆయన. స్తుతి కట్ట దిగి పడవకు అడ్డంగా నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. "జాబితా రాసినోళ్ళం మేమే. తప్పు రాసినం. ఎక్కించుకో అన్నా" అంది. ఎక్కించుకున్నాడు.

జూలై 21

తాటివాగు నుంచి నాగక్క ఫోన్. ఆ ఊరి నీళ్ళ కమిటీకి ఆమె పెద్ద. వెనకాల కోయ భాషలో ఆడవాళ్ళ మాటలు.

"డబ్బాలు ముట్టినయ్. నిన్నటి దాక నీళ్ళు కాగబెట్టకుంట ఎవ్వర్ని ముట్టనియ్యలే నేను. తడి కట్టెలు, పొగకు కండ్లు పోయినయనుకో."

"ఎవరికన్న వాంతులు, విరేచనాలు?"

"ఒక్క పోరికి అయినయ్. పడవల దవాఖానకు తోలినం. ఇప్పుడు గంజి తాగుతాందంట." ఆగి అంది. "మూడు దినాల సంది కోటేష్ మీకు చెప్పుకుంటనే ఉన్నడు. ఇంటలేరా మీరు?"



జూలై 24

నీళ్ళు తీశాయి. సార్ వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చోకముందే లోపలికి వెళ్ళి చెప్పాను. "తాళం నేనే రద్దు చేసిన సార్. మీరు వద్దన్నంక చేసిన."

ఉద్యోగం తీసేసినా ఒకటే అనుకుని వెళ్ళాను. తప్పు కార్డులన్నీ ఆయన ముందు తెరిచి, ఒక్కో మెసేజ్ వినిపించాను. "నీళ్ళొచ్చినయ్ బిడ్డా" దగ్గర సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

తర్వాత అన్నారు. "అనుమతి ఇచ్చింది నేనే కదమ్మా. చిన్నసార్‌ది కాదు, నాది తప్పు. ట్రస్టు వాళ్ళకు నేనే రాస్తాను." మళ్ళీ, "దాన్ని తిరిగి పెట్టగలవా? నువ్వు మొదట చెప్పినట్టే."

"పెట్టగలను సార్. కానీ ఈసారి నేనొక్కదాన్నే కాదు. అది పేజీలు సదివి చెప్తాంది. ఆ పేజీలు రాసింది స్తుతి. మన మనుషులు ఏ మాట ఎట్ల అంటరో తెలిసింది గూడ స్తుతికే. ఆమె చెప్పినట్టు కట్టాలె."

నెల రోజులు ఆలస్యంగా చెప్పిన మాట. తలుపు దగ్గర స్తుతి ఉంది. విన్నదో లేదో.

జూలై 25

చేపల పులుసు. స్తుతి డబ్బాలోది. విన్నట్టే ఉంది.

ఆగస్టు 8

కొత్త పేజీ పేరు 'మన మాటలు'. స్తుతి రాస్తోంది. చిన్నసార్ ఏ మెసేజ్ విన్నా ముందు ఈ పేజీ చదవాలి, ఆ తర్వాతే అర్థం చెప్పాలి. అయిపోయింది, పోయింది, వచ్చింది, పడ్డది, ఎత్తేసింది. ఒక్కో మాటకు ఎన్ని అర్థాలో, ఎవరు ఎప్పుడు ఎలా వాడతారో. ఫోన్ పట్టుకుని ఊరూరూ అడుగుతోంది. సత్తుపల్లి వైపు ఒకలా, చర్ల వైపు ఒకలా. కోయ మాటలు నాగక్క చెప్పి, తిరిగి పలికించి, సరిగ్గా పలికేదాకా వదలడం లేదట. మా లంబాడీ మాటలు నేను ఇచ్చాను. ఆఫీసు పేజీలో మా ఇంటి మాటలు ఎక్కడం ఇదే మొదటిసారి. అమ్మకు చదివి వినిపిస్తే, "గివి గూడ కంప్యూటర్ల పెడతరా?" అని నవ్వింది. నవ్వి, ఇంకో రెండు చెప్పింది.

అనుమానం వస్తే చిన్నసార్ ఇక ఊహించడు. అడుగుతాడు. ఇవాళ పరీక్షకు కోటేష్ "డీజిల్ అయిపోయింది" అన్నాడు.

"డీజిల్ ఇంక లేదనా, లేక డీజిల్ తెచ్చే పని ముగిసిందనా?" అన్నాడు చిన్నసార్.

కోటేష్ సంబరం చూడాలి. "అక్కా, బుద్ధి నేర్చిండు చిన్నసార్!"

ఆగస్టు 22

ట్రస్టు వాళ్ళతో వీడియో మీటింగ్. జరిగిందంతా సార్ దాచకుండా చెప్పారు. ఆనాడు నోరెళ్ళబెట్టిన ఆవిడే, "ఇప్పుడు దీన్ని నమ్మేదెలా?" అని అడిగింది.

సార్ కెమెరాను మా వైపు తిప్పారు. "అది కట్టింది సంగీత. దానికి మన మాట నేర్పింది స్తుతి. నమ్మకం సంగతి వాళ్ళనే అడగండి."

స్తుతి నన్ను మోచేత్తో పొడిచింది. నేనే మాట్లాడాను. చిన్నసార్ చదువుతాడు, వెతుకుతాడు, జాబితా తీస్తాడు, కార్డు జరుపుదామా అని అడుగుతాడు. జరిపేది మాత్రం మనిషి. మెసేజ్‌లు మేం కూడా వింటాం, రోజూ, వంతులేసుకుని. అన్నీ తెలుగులోనే చెప్పాను.

మిగతా ఊళ్ళ ఆఫీసులకు కూడా మేమిద్దరమే నేర్పాలట. పెనుబల్లితో మొదలు.

గర్వంగా ఉంది. ఉంది, ఏం?

సెప్టెంబర్ 11

కొత్త పద్ధతికి ఇవాళ మొదటి పరీక్ష. 'పని పూర్తయింది' అని చెప్పే హక్కు ఇక మాది కాదు, నీళ్ళు తాగే వాళ్ళది. అది స్తుతి ఆలోచన. పని ముగిసిందని మా వాళ్ళు చెప్పాక చిన్నసార్ ఆ ఊరి మనిషికి ఫోన్లో మెసేజ్ పంపి అడుగుతాడు. వాళ్ళు ఒప్పుకుంటేనే పచ్చరంగు.

తాటివాగులో ఎగువ ఇళ్ళకు కొత్త పైపు వేశాం. కోటేష్ రెండు వారాలు అక్కడే ఉండి పూర్తి చేశాడు. పొద్దున్నే ఆఫీసుకు తిరిగొచ్చి గ్రూపులో "పైపు పని చేసిన" అన్నాడు. చిన్నసార్ నాగక్కను అడిగాడు. ట్రస్టు వాళ్ళూ చూస్తున్నారు. సార్ నా కుర్చీ వెనక నిలబడ్డారు.

నాగక్క జవాబు వచ్చింది. స్పీకర్ పెట్టాను.

"నేను అవ్ అంటేనే అయినట్టా? నిజమేనా? అయితే ఇను. కింది ఇండ్లకు మంచిగనే వస్తున్నయ్. మీదికెల్లి ఆఖరి ఇంటికి సన్నగ వస్తున్నయ్. బిందె నిండేదాక నిలబడితే కాళ్ళు గుంజుతున్నయంటాంది ముసల్ది. గది సక్కగయ్యే దాక నేను అవ్ అనను. కోటేష్‌ను మళ్ళ తోలుర్రి."

నేను అవునన్నాక కార్డు మీద చిన్నసార్ రాశాడు, 'పని మిగిలి ఉంది. నాగక్క ఒప్పుకోలేదు.'

సార్ పెద్దగా నవ్వారు. స్తుతి నవ్వుతూ బల్ల మీద తల పెట్టేసింది. కోటేష్ మాత్రం గొణుక్కుంటూ పానాల సంచి భుజాన వేసుకుని బండి తీశాడు.

బోర్డు మీద తాటివాగు కార్డు ఇంకా తెరిచే ఉంది. పొద్దున్నుంచి దాన్నే చూస్తున్నాను. చాలా బాగుంది.